గేర్ బాక్సులో రంపపు పొట్టు

విశాఖపట్నం, వన్ టౌన్,
5-7-1982.

ప్రియమైన శ్రీవారికి,

మీ ఆదిలక్ష్మి నమస్కరించి రాసేది. మీరు వదినగారింటికి క్షేమంగా చేరారని కార్డు అందింది. మండపేటలో ఎముకల కట్టు కట్టే ఆయన హస్తవాసి మంచిదని అందరూ అంటున్నారు కాబట్టి మీ పాదం గురించి బెంగ పెట్టుకోవడం లేదు. పెట్టుకోవడానికి నాకు తీరికా లేదు. లారీ సంగతి రాస్తాను. చదివి నాకో దారి చెప్పండి.

మీ కాలి మీంచి చక్రం వెళ్ళిన రోజు నుంచి బండి క్వారీ దగ్గరే వానలో నానింది. సెల్ఫ్ స్టార్టరు ఎలాగూ పట్టదు. నలుగురు కూలీల చేత తోయించి స్టార్టు చేయిస్తే సెకండు గేరు దూకేసింది. చివరికి ఇంకో లారీకి గొలుసు కట్టి మెకానిక్ గవర్రాజు షెడ్డుకి లాగించాను. మా నాన్న నాకిచ్చిన సబ్బవరం పొలం అమ్మి కొన్న బండి కదా, ఇంట్లో కూర్చోలేక నేనే వెళ్ళి షెడ్డులో నిలబడ్డాను.

అంత రోత చోటు నేనెక్కడా చూడలేదు. కాలు పెడితే చెప్పు అతుక్కుపోయే నల్లటి జిగట. గోడ నిండా కిళ్ళీ ఉమ్ములు. టీ తాగిన గ్లాసులోనే గ్రీజు కలుపుతారు, ఆ గ్లాసునే కడక్కుండా టీ కొట్టుకి తిరిగిస్తారు. అదీ ఓర్చుకున్నాను. వాళ్ళ మాటలు ఓర్చుకోవడమే కష్టమయింది. నేను నిలబడి ఉండగానే లారీ గురించి మాట్లాడుతున్నట్టుగా ఆడవాళ్ళ గురించి మాట్లాడతారు, ఒకడు అంటాడు, మిగతావాళ్ళు నా వైపు చూసి నవ్వుతారు.

సెల్ఫ్ మోటారు ముందు బెండిక్సు అని చిన్న పళ్ళచక్రం ఉంటుందని, తాళం తిప్పగానే అది ముందుకి దూకి ఇంజను చక్రాన్ని పట్టుకుని తిప్పాలని, మనదాని పళ్ళు అరిగిపోయి పట్టు దొరకడం లేదని గవర్రాజు చెప్పాడు. కొత్తది తెస్తానన్నాడు. మర్నాడు నూనె కాగితంలో చుట్టి వెండిలా తళతళలాడేది తెచ్చాడు. నాకెందుకో ఆ తళతళ నచ్చలేదు. పక్కన డబ్బాలో ఉన్న కిరసనాయిల్లో ముంచి చీర చెంగుతో తుడిచాను. వెండి రంగంతా చెంగుకి వచ్చేసింది. లోపల తుప్పు. అరిగిన పళ్ళని ఆకురాయితో రాసి వాడి చేసి పైన రంగు పూశారు. చూపిస్తే ఏమన్నాడో తెలుసా?

"ఓలమ్మా, ఆడోళ్ళకి ఇయ్యన్నీ ఏటి తెలుత్తాయి? బావ రానీ, మేం మేం మాటాడుకుంతాం."

దొంగతనం చేసినవాడు తలొంచుకోవాలి కదా, వీడు నవ్వాడు!

కంట్రాక్టరు గుమాస్తా రమణమూర్తి గారు ఇంటికి వచ్చి చెప్పారు. ఆగస్టు ఒకటో తారీకుకి బండి క్వారీకి రాకపోతే స్టీలు ప్లాంటు సైటుకి కంకర తోలే మన వంతు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారట. నేనేం చెయ్యాలో వెంటనే రాయండి. కాలు కింద పెట్టకండి.

మీ
ఆదిలక్ష్మి


మండపేట,
11-7-1982.

ప్రియమైన ఆదిలక్ష్మికి,

కొండలరావు ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ గవర్రాజు వట్టి దొంగ. బండి అక్కణ్ణించి వెంటనే తీయించు. సెల్ఫ్ మోటారు ఒక్కటీ ఊడదీయించి ఏదైనా ఎలక్ట్రికల్ కొట్టుకి పంపు. బెండిక్సు, కార్బన్ బ్రష్షులు కొత్తవి వేస్తే చాలు, బండి లేస్తుంది.

ఒక్క మాట జాగ్రత్తగా విను. గేర్ బాక్సు జోలికి ఎవరినీ పోనివ్వకు. అది ఇప్పితే మళ్ళీ సరిగా బిగించే మొగాడు విశాఖపట్నంలో లేడు. నేను వచ్చాక నా చేత్తో చూసుకుంటాను. అందాకా ఎవరైనా డ్రైవర్ని పెట్టి ఫస్టు, థర్డు మీద తోలించు.

నా పాదం సంగతి. అయిదు వేళ్ళలో మూడింటికి స్పర్శ వచ్చింది. అక్కయ్య కనకరత్నం కూర్చోబెట్టి అన్నం పెడుతోంది, మందు నూనె వాసనకి ఆ అన్నం సయించడం లేదు. పడుకుంటే ఆ సంగతే కళ్ళ ముందు ఆడుతుంది. బండిని ఏటవాలులో ఆపి, గేరులో పెట్టి, చక్రం కింద రాయి పెట్టాను. తోయించడానికని రాయి తీశానో లేదో గేరు దూకి బండి వెనక్కి దొర్లింది. ఇదంతా మీ తమ్ముడు సూరి పుణ్యమే. పోయినేడు నాగులచవితి నాడు వాడు మన బండి తోలుతూ గేరు విరక్కొట్టకపోతే నాకీ గతి పట్టేదా? ఆ రోజు క్వారీలో నేను కొట్టిన ఒక్క దెబ్బ వాడికి చాల్లేదు. నీ మొహం చూసి ఊరుకున్నాను.

సెల్ఫ్ ఒక్కటే. గుర్తుంచుకో.

నీ
కొండలరావు


విశాఖపట్నం,
21-7-1982.

ప్రియమైన శ్రీవారికి,

నమస్కారాలు. బండి గవర్రాజు షెడ్డు నుంచి తీయించేశాను. ఎలక్ట్రికల్ కొట్టువాళ్ళు మోటారు ఊడదీయడానికి మనిషిని పంపమన్నారు. అందుకని లారీ ఆఫీసుల దగ్గర విచారిస్తే ముగ్గురు నలుగురు ఒకే పేరు చెప్పారు, గురువులు మేస్త్రి అని. డెబ్భై దగ్గర వయసు. నోరు మంచిది కాదు గాని చెయ్యి మంచిది. నేను వెళ్ళగానే ఒక ఖాళీ డబ్బా బోర్లించి, దాని మీద గోనె పరిచి "కూకో అమ్మా" అన్నాడు. ఈ నెలలో నన్ను మనిషిగా చూసిన మొదటి మేస్త్రి ఆయనే.

సెల్ఫ్ అయిపోయింది. బెండిక్సు నా ఎదురుగా కొత్త పెట్టెలోంచి తీసి వేశాడు. బ్రష్షులు మార్చాడు. ఇంజను చక్రం చుట్టూ ఉండే పళ్ళ రింగు ఒక వైపే అరిగిందని దాన్ని తిప్పి వేశాడు. తాళం తిప్పితే బండి ఒక్క కూతకి లేచింది. అది విని షెడ్డులో నేనొక్కదాన్నే నవ్వుకున్నాను.

తర్వాత బండిని షెడ్డులోనే ముందుకీ వెనక్కీ తోలి ఆపేశాడు.

"గేరు బాక్సు ఇప్పాలమ్మా."

మీరు వద్దన్నారని చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"మీ ఆయన వొద్దన్నాడా? ఈ బాక్సుతోటి బండి నీ సేతికిత్తే, రేపు దీని కింద పడి ఇంకొకడు సస్తే, ఆ పాపం ఎవుడిది? నాను ఇవ్వను."

మీ మాట కాదన్నందుకు కోప్పడకండి. మీ కాలు చూసినదాన్ని నేను. ఇప్పమన్నాను.

కింద తొట్టె పెట్టి మర తీశాడు. నూనె ధార కట్టాలి కదా, కారలేదు. పైమూత తీసి చేత్తో తోడాడు. ఏం వచ్చిందో ఎలా రాయను? నల్లగా, ముద్దగా, కుళ్ళిన పేడలా. పిసికి చూస్తే అందులో రంపపు పొట్టు. గుప్పెళ్ళకి గుప్పెళ్ళు రంపపు పొట్టు. దాని అడుగున అరటి తొక్కలు, చివికిపోయి తోలు ముక్కల్లా. ఆ కంపుకి షెడ్డులో వాళ్ళే ముక్కులు మూసుకున్నారు. నేను బయటికి పరిగెత్తి గోడవారన వాంతి చేసుకున్నాను.

గేరు పళ్ళు పోయిన బండి అరుస్తుంది కదా, ఆ అరుపు వినపడకుండా ఇలా కూరి బేరానికి పెడతారట దొంగ వ్యాపారులు. నాలుగు రోజులు బండి పిల్లిలా నడుస్తుందట. ఆ తర్వాత ఎవడి చేతిలో ఉంటే వాడి చేతిలో విరుగుతుందట.

అన్నం తినే మనిషి చేసే పనేనా అది? సూరి ఇంతకి తెగిస్తాడని నేనెప్పుడూ అనుకోలేదు. వాడు కుర్రతనం కొద్దీ జోరుగా తోలి విరక్కొట్టాడనే అనుకున్నాను, ఇలా దాచిపెట్టే బుద్ధి కూడా ఉందనుకోలేదు. ఎత్తుకుని పెంచిన తమ్ముడు. రాత్రి అన్నం కలుపుకుంటే ఆ నల్ల ముద్దే గుర్తొచ్చి కంచం తోసేశాను. మీకు అప్పుడే ఏమైనా అనుమానం వచ్చిందా? రాయండి.

మీ
ఆదిలక్ష్మి


మండపేట,
28-7-1982.

ప్రియమైన ఆదిలక్ష్మికి,

ఆశీస్సులు. నేను వద్దన్న పని చేశావు. సరే, అయిందేదో అయింది. ఆ రంపపు పొట్టు సూరిగాడి పనే, ఇంకెవరిది? నాకు అనుమానం కాదు, నిశ్చయంగా తెలుసు. తమ్ముడని నువ్వు బాధపడతావని చెప్పలేదు. దసరాకి వాడు ఊళ్ళో లేనప్పుడు పది రోజులూ బండి నేనే తోలాను కదా, అప్పుడు గేర్ బాక్సు గడియారంలా ఉంది. వాడు వచ్చాక నాగులచవితి లోపలే విరిగింది. లెక్క నువ్వే చూసుకో.

ఆ గురువులు దగ్గర ఇంక ఉంచకు. ముసలాడికి చూపు ఆనదు, తాగుతాడు కూడా, ఏవేవో కథలు చెబుతాడు. వాడి మాటలు చెవిన పెట్టకు. లోపలి పళ్ళచక్రాలు ఎవరికీ చూపించకుండా మూత బిగించేయమను. పరువు తక్కువ. క్వారీ వాళ్ళకి తెలిస్తే మనింటి గుట్టు వీధిన పడుతుంది.

కట్టు మార్చారు. ఇంకో నెల అంటున్నారు.

నీ
కొండలరావు


మండపేట,
10-8-1982.

ప్రియమైన ఆదిలక్ష్మికి,

ఆశీస్సులు. నువ్వు ఉత్తరం రాసి ఇరవై రోజులయింది. ఒంట్లో బాగుందా? ఒకటో తారీకు వెళ్ళిపోయింది, బండి క్వారీకి వెళ్ళిందో లేదో తెలీదు. అక్కయ్య రోజూ పోస్టుమేన్ వచ్చే వేళకి వీధరుగు మీద కూర్చుంటోంది. నాలుగు ముక్కలు రాసినా చాలు. గురువులు ఏమైనా అన్నాడా? ఏమన్నా నమ్మకు, నేను వచ్చి అన్నీ చెబుతాను.

నీ
కొండలరావు


విశాఖపట్నం,
19-8-1982.

కొండలరావు గారికి,

ప్రియమైన అని రాయడానికి నా చెయ్యి రాలేదు. రాసి కొట్టేసేకన్నా రాయకపోవడమే నయమనుకున్నాను.

మీ ఇరవై ఎనిమిదో తారీకు ఉత్తరం పట్టుకుని గురువులు షెడ్డుకి వెళ్ళాను. మూత బిగించేయండి, మా ఆయన బండి తీసేయమంటున్నారు అన్నాను. ఆయన కిరసనాయిల్లో కడిగి పెట్టిన ఒక పళ్ళచక్రం తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. దాని పక్క చెంప మీద ఉలితో పొడిచిన మూడు చుక్కలు ఉన్నాయి.

"ఇది మీ బండి సామాను కాదమ్మా. ఇంకో మోడలుది. పళ్ళు సరిగ్గా కూకోవు. అందుకే దూకీసింది. ఈ మూడు సుక్కలు నానే కొట్టినాను. నా షెడ్డులో తుక్కులో పడీసిన ప్రతి సామానికీ కొడతాను, ఎవుడూ కొత్తదని అమ్మకుండా."

"మరి మా బండిలోకి ఎలా వచ్చింది?" అన్నాను.

"మీ ఆయనొచ్చి అట్టుకెళ్ళినాడు. పోయినేడు దసరా ఎల్లిన రెండో నాడు. తుక్కు కుప్పలో కూకుని గంటసేపు ఏరినాడు. ఇది తగలదురా బావా అని సెప్పినాను. నాలుగు రోజులు నడిత్తే సాల్లే అన్నాడు."

దసరా వెళ్ళిన రెండో నాడు సూరి ఎక్కడున్నాడో నాకు తెలుసు. వాడి భార్యకి ఆడపిల్ల పుట్టి పురిటి స్నానం కూడా కాలేదు. నేను సబ్బవరం వెళ్ళి పిల్లని ఎత్తుకుని చూసి వచ్చాను, వాడు అక్కడే ఉన్నాడు. అప్పుడు బండి పది రోజులూ మీ చేతిలోనే ఉంది. నేను కనిపెట్టింది కాదు, మీరే మీ చేత్తో రాశారు. ఆ ఉత్తరం గురువులుకి చదివి వినిపించాను. నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి పక్కకి ఉమ్మేశాడు. అది మీ పేరు మీద ఉమ్మినట్టు నాకు తెలుస్తూనే ఉంది.

రంపపు పొట్టు ఏ కోత మిల్లులో ఎత్తుకున్నారు? అరటి తొక్కలు మనింట్లోవేనా? దసరా పళ్ళెంలో నేను పెట్టిన పళ్ళ తొక్కలేనా? రాత్రిళ్ళు ఇవే ప్రశ్నలు. ఆ నల్ల ముద్ద తోడినప్పుడు వాంతి చేసుకున్నాను కదా, దాన్ని కూరిన చేత్తో మీరు నాకు తమలపాకులు చుట్టి ఇచ్చారు. ఆ సంగతి గుర్తొస్తే ఒళ్ళంతా తోముకోవాలనిపిస్తుంది.

మర్నాడు సబ్బవరం బస్సెక్కాను. సూరి ఇంట్లో లేడు. సంతలో ఉన్నాడు, బస్తాలు మోస్తున్నాడు. లారీ తోలిన మనిషి లారీలోకి బస్తాలు ఎక్కిస్తున్నాడు. పది నెలల్లో ఒక్క యజమానీ వాడికి స్టీరింగు ఇవ్వలేదట. ఎక్కడికి వెళ్ళినా 'గేర్లు తినీసినోడు వచ్చాడు' అని నవ్వుతారట. మీరు క్వారీలో అందరి ముందూ పెట్టిన పేరు అది.

నన్ను చూసి బస్తా దించాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను, మూడు చుక్కలు, రంపపు పొట్టు అని. వాడు తల తుడుచుకుంటూ విన్నాడు.

"తెలుసప్పా," అన్నాడు. "నాగులసవితి నాడే పైమూత ఇప్పి సూసినాను. పొట్టు కనిపించింది. మూసీసినాను."

"మరి ఆయన కొట్టినప్పుడు ఎందుకు చెప్పలేదురా?"

"సెప్దామనే అనుకున్నాను. ముందు నీకు సెప్పాలని ఇంటికొచ్చినాను. నువ్వు గుమ్మంలో నిలబడి, అన్నం ఎట్టిన సెయ్యి ఇరిసీసినావు, నా గడప తొక్కకు అన్నావు. ఇంక ఎవరికి సెప్పాలి?"

అంతే. కోపంగా కూడా అనలేదు. వెళ్ళి మళ్ళీ బస్తా ఎత్తుకున్నాడు. నేను ఆ సంత మధ్యలో కుళ్ళిన ఉల్లిపాయల మీద నిలబడిపోయాను.

ఇంటికి రమ్మన్నాను. బండి నువ్వే తోలు అన్నాను. రానన్నాడు. "బండి వొద్దు, ఏటీ వొద్దు. బావ ఎవుళ్ళ ముందు ఆ మాట అన్నాడో, ఆళ్ళ ముందు అది అబద్ధం అని సెప్తే సాలు," అన్నాడు.

మీరు కదల్లేరు కాబట్టి రాసి పంపండి. జరిగింది జరిగినట్టు. క్వారీ దగ్గర డ్రైవర్లందరి ముందూ నేనే చదువుతాను. రాయకపోతే నాకు తెలిసినంత చెబుతాను, అప్పుడు దానికి నాకు తోచిన రంగు పూస్తాను. మీ వంతు ట్రిప్పు ఒకటో తారీకుతోనే పోయింది, అది చెప్పడం మరిచాను.

ఆదిలక్ష్మి


మండపేట,
26-8-1982.

ఆదిలక్ష్మికి,

ప్రియమైన అని రాసే అర్హత నాకూ లేదు. మూడు కాగితాలు చింపాక ఇది రాస్తున్నాను. ఇది నీకు, క్వారీలో ఉన్నవాళ్ళందరికీ. గొంతు తగ్గించకుండా చదువు.

దసరా నాడు తగరపువలస దగ్గర లోడు దించి సారా తాగాను. తాగి బండి తీశాను. దిగుడులో బండి జోరందుకుంది, బ్రేకు అందక ఆ జోరు మీదే సెకండు గేరులోకి దూర్చాను. లోపల ఎముకలు నలిగినట్టు చప్పుడయింది. పళ్ళు పోయాయి. బండి రోడ్డు పక్క ఇసుకలో దిగబడి ఆగింది, లేకపోతే నేను ఆ రోజే పోయేవాణ్ణి.

సూరికి డ్రైవింగు నేర్పినవాణ్ణి నేను. రెండేళ్ళుగా క్వారీలో ఎవరు చూసినా ఈ బండి సూరి చేతికే వంగుతుంది అనేవాళ్ళు. నీ పొలం పెట్టి కొన్న బండి, నీ తమ్ముడి చేతికి వంగే బండి, మరి నాదేమిటి అని కడుపు రగిలిపోయేది. బండి నేనే విరక్కొట్టానంటే ఆ నవ్వులు భరించలేననుకున్నాను. గురువులు తుక్కులోంచి చక్రం తెచ్చి ఒక రాత్రంతా నేనే బిగించాను. అది అరిచింది. పొట్టు కూరాను. తొక్కలు మనింట్లోవి కావు, తగరపువలస సంతలో ఏరినవి. నువ్వు అడిగావు కాబట్టి అదీ రాస్తున్నాను.

సూరి పురుడు చూసి వచ్చాక తాళం వాడి చేతికిచ్చాను. ఏ రోజు విరుగుతుందా అని ఎదురుచూశాను. మనిషి ఇలా ఎదురుచూడగలడని నాకు అప్పటిదాకా తెలీదు. నాగులచవితి నాడు విరిగింది. పరిగెత్తుకెళ్ళి అందరి ముందూ చెంప మీద కొట్టాను. వాడు నా మొహంలోకి చూసిన చూపుకి, వీడికి తెలిసిపోయిందని అర్థమయింది. అందుకే గేర్లు తినేశావురా అని ఇంకా గట్టిగా అరిచాను. ఆ తర్వాత బాక్సు ఇప్పితే గుట్టు బయటపడుతుందని ఫస్టు, థర్డు మీదే బండి లాక్కొచ్చాను.

నా కాలి మీంచి చక్రం వెళ్ళినప్పుడు ముందు గుర్తొచ్చింది ఆ తుక్కు చక్రమే. అయినా ఈ నెల్లాళ్ళూ నీకు అబద్ధాలే రాశాను. నా ఉత్తరాలు నేనే తలుచుకుంటే నాకే వెగటు పుడుతోంది.

అప్పలసూరి ఏ తప్పూ చెయ్యలేదు. గేరు విరిచింది నేను, దాచింది నేను, వాడి అన్నం చెడగొట్టింది నేను.

కొండలరావు


విశాఖపట్నం,
6-9-1982.

మీకు,

ఉత్తరం అందింది. చదివాను. ఏం జరిగిందో రాస్తాను.

ముందు బండి సంగతి. మూలపడ్డ అదే మోడలు లారీ ఒకటి దొరికితే, దాన్లోంచి మంచి చక్రాలు ఏరి, బేరింగులు కొత్తవి వేసి గురువులు గేర్ బాక్సు కట్టాడు. ప్రతి చక్రాన్నీ నేనే కిరసనాయిల్లో కడిగాను. ఒక్కదాని మీద కూడా రంగు లేకుండా చూసుకున్నాను. గోళ్ళలోంచి ఆ నలుపు ఇప్పటికీ పోలేదు.

శుక్రవారం పొద్దున్న గురువులుని తోడు తీసుకుని ఆ బండిలోనే క్వారీకి వెళ్ళాను. టీ పాక దగ్గర లోడు వంతు కోసం ముప్ఫై మంది దాకా ఉన్నారు. సూరికి ముందే కబురు పంపాను. వచ్చి దూరంగా, రాళ్ళ కుప్ప పక్కన నిలబడ్డాడు. నేను ఫుట్‌బోర్డు మీద ఎక్కి మీ ఉత్తరం చదివాను. గొంతు తగ్గించలేదు. ముందు నవ్వారు, మొగుడి ఉత్తరం వీధిలో చదివే ఆడది అని. రంపపు పొట్టు దగ్గర నవ్వులు ఆగిపోయాయి. ఏ రోజు విరుగుతుందా అని ఎదురుచూశాను అన్న చోట ఒకడు "సీ!" అన్నాడు. మీరు రాసింది ఒక్క ముక్క కూడా వదల్లేదు, నా గడప తొక్కకు అన్నది నేనేనని చివర్న నా సంగతీ కలిపాను. అది మీరు రాయలేదు, నాదే, కాబట్టి నేనే చెప్పాలి.

అంతా అయ్యాక సూరి నడుచుకుంటూ వచ్చాడు. వస్తుంటే దారిచ్చారు. ఫుట్‌బోర్డు దగ్గర నిలబడి నన్ను చూసి ఏమన్నాడో తెలుసా?

"బావ కాలెలాగుందప్పా? ఏళ్ళు కదుల్తన్నాయా?"

ముప్ఫై మంది ముందు నేను ఏడవలేదు. కదులుతున్నాయిరా అని చెప్పాను. ఇన్నాళ్ళూ మీ మీద పుట్టిన రోత అంతా ఆ మాట దగ్గర నా మీదికి తిరిగింది. వాడు పుట్టినప్పటి నుంచి ఎరిగినదాన్ని, ఒక్క మాట అడక్కుండా గుమ్మంలోంచి తరిమాను. మీరు తాగి విరిచారు. నేను తాగకుండానే చేశాను.

రమణమూర్తి గారు కలగజేసుకుని, సూరి తోలితే ఈ బండికి రేపట్నించే వంతు రాసిస్తానన్నారు. నేను తాళం తీసి వాడి ముందు పట్టాను. వాడు ముట్టుకోలేదు.

"ఈ బండి నానింక తోల్లేనప్పా. సీట్లో కూకుంటే సెంప మీద దెబ్బే గుర్తొస్తాది. నీ మీద కోపం లేదు."

అచ్యుతరామయ్య గారని కశింకోట వైపు నుంచి మూడు లారీలు తిప్పే పెద్దమనిషి టీ పాకలో కూర్చుని అంతా విన్నారు. ఆయన లేచి, "ఏరా సూరీ, నా బండి తోలతావా?" అన్నారు. ఊరికే అన్నారనుకుని వాడు కదల్లేదు. ఆయన జేబులోంచి తాళం తీసి విసిరారు. వాడు గాల్లోనే పట్టుకున్నాడు. లోడు వేయించుకుని మా ముందు నుంచే వెళ్ళాడు. ఎక్కుడులో గేరు మారుస్తుంటే చెవులు రిక్కించి విన్నాను. చప్పుడే లేదు.

మనకి వంతు రాలేదు. రాయించుకోవడానికి నాకు మొహమూ లేదు. గురువులు తెలిసిన డ్రైవర్ని ఒకణ్ణి కుదిర్చాడు. ఊళ్ళో ఇటుకల బాడుగకి బండి తిరుగుతోంది. పొద్దున్నే వీధి చివర తాళం తిప్పితే ఒక్క కూతకి లేస్తుంది. ఆ చప్పుడికి ఇరుగుపొరుగు వాళ్ళు కిటికీల్లోంచి చూస్తారు. వాళ్ళందరికీ ఇప్పుడు అంతా తెలుసు. తెలియనీండి.

మీ మీద అసహ్యం పోయిందా అని మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. పోలేదు. మీ బట్టల పెట్టె తెరిస్తే ఆ కంపు వస్తున్నట్టే ఉంటుంది, మూసేస్తాను. కానీ మీరు ఉత్తరం దాచుకోకుండా రాశారు. తొక్కలు ఎక్కడివో కూడా రాశారు. మూడు కాగితాలు చింపి నాలుగోది పోస్టు చేసిన మనిషి ఎవరో నాకింకా సరిగ్గా తెలీదు. చూడాలి.

కట్టు విప్పాక రండి. కానీ నేరుగా ఇక్కడికి రావద్దు. అనకాపల్లిలో రైలు దిగండి. అక్కణ్ణించి సబ్బవరానికి బస్సుంది. ఆదివారాలు సూరి ఇంటి దగ్గరే ఉంటాడు. వాడు తలుపు తీస్తాడో లేదో నేను చెప్పలేను. తీసినా తీయకపోయినా, అక్కడ నిలబడి చెప్పవలసింది చెప్పి, ఆ తర్వాత ఇంటికి రండి. అన్నం వండి ఉంచుతాను.

ఆదిలక్ష్మి